మాను పాడిన పాట
(వైణిక విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారి జీవితం)

 ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని సంఘం కార్యవర్గం వారు ఆదేశించారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం మా జేజి అడిగిన ఒక ప్రశ్న కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. అప్పుడు నేను మైదుకూరులో బడికి పోయే పిల్లవాణ్ణి. మా వీధికంతా ఒకటే రేడియో. పక్కింటి వాళ్ళ అరుగు గూట్లో ఉండేది. ఒకనాటి రాత్రి భోజనాలయ్యాక అందరం ఆ అరుగు దగ్గర కూర్చుని ఉన్నాం. వార్తలు అయిపోయాయి, వీణ కచేరీ మొదలైంది. చాలామంది తువ్వాళ్ళు దులుపుకుని లేచిపోయారు. మా జేజి మాత్రం కదల్లేదు. కొంతసేపు విని, పాడుతున్న ఆ మనిషి ఎవరని నన్ను అడిగింది. అది పాట కాదనీ, వీణ అనీ చెప్పినా నమ్మలేదు. కొయ్యకు గొంతు ఎక్కడిదని మళ్ళీ అడిగింది. నాకు జవాబు తెలియలేదు. కచేరీ చివర రేడియోలో చెప్పిన పేరు మాత్రం గుర్తుండిపోయింది. ఆ పేరు ఈమని శంకరశాస్త్రి.

జేజి పోయి చాలా కాలమైంది. ఆమె ప్రశ్నకు జవాబు వెదకడానికి నాకు పదవీ విరమణ తర్వాత గానీ తీరిక దొరకలేదు. తెలిసినంతవరకు మీ ముందు పెడుతున్నాను.

పుట్టుక, విద్య

శంకరశాస్త్రి గారు 1922 సెప్టెంబరు 23న గోదావరి సీమలోని ద్రాక్షారామంలో జన్మించారు. పంచారామ క్షేత్రాలలో ఒకటైన ఊరది. తండ్రి ఈమని అచ్యుతరామశాస్త్రి గారు పేరున్న వైణికులు. కొడుకుకు గురువు కూడా ఆయనే. బిడ్డ ఒడిలోకి వీణ వచ్చింది తండ్రి చేతుల మీదుగానే.

ఆ కాలానికి ఆంధ్రదేశంలో వీణకు గట్టి పునాది ఉంది. విజయనగరం ఆస్థానంలో వీణ వెంకటరమణదాసు గారు ఉండేవారు. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి గారు ఉండేవారు. సంగమేశ్వరశాస్త్రి గారి వీణ విని రవీంద్రనాథ్ టాగూరు ముగ్ధులై వారిని శాంతినికేతనానికి పిలిపించుకున్నారు. అచ్యుతరామశాస్త్రి గారు ఈ ఇద్దరికీ సమకాలికులు. అంటే శంకరశాస్త్రి గారు పుట్టిన ఇల్లు ఆ గొప్ప కాలానికి ఆనుకుని ఉన్న ఇల్లు. అయితే ఆయన పెరిగి పెద్దవారయ్యే నాటికి సంస్థానాల వైభవం తగ్గుముఖం పట్టింది. రాజుగారి కొలువు చూసుకుని బతికిన విద్య ఇక ఎవరిని చూసుకుని బతకాలన్నది ఆ తరం వారందరి ఎదుటా ఉన్న ప్రశ్న.

ఆ పిల్లవాని ఒడిలోని వస్తువు

శాస్త్రి గారి జీవితం అర్థం కావాలంటే ముందు ఆ వస్తువు సంగతి తెలియాలి. వీణకు మూలం పనస మాను. పనస కొయ్య బరువు తక్కువ. పురుగుకు, చెమ్మకు తొందరగా లొంగదు. మీటితే నాదాన్ని మింగకుండా బయటికి పంపుతుంది. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. వారి ప్రత్యేకత ఏకాండి వీణ. కుండ, దండి, మెడ వేరువేరుగా చేసి అతికించకుండా, ఒకే దుంగను తొలిచి చేసేదాన్ని అలా అంటారు. ఉలి ఒక్కచోట లోతుగా దిగితే ఆ దుంగ అంతా వృథా. కుండ గోడ మందంగా ఉంటే నాదం మూగపోతుంది, మరీ పలచనైతే పగులుతుంది. ఎంతవరకు తొలవాలో కొలబద్ద చెప్పదు. చేసేవాడు వేలితో తట్టి చెవితో తెలుసుకోవాలి.

కుండ మీద పైపలక, దాని మీద గుర్రం. గుర్రం మీదుగా పోయే తంత్రులు నాలుగు. పక్కన తాళానికి, శ్రుతికి మరో మూడు. దండి మీద ఇరవై నాలుగు మెట్లు. ఈ మెట్లను మేకులు కొట్టి బిగించరు. తేనెమైనంలో నల్లటి పొడి కలిపి ముద్ద చేసి, ఆ ముద్ద మీద ఒక్కొక్క మెట్టునూ శ్రుతి చూసుకుంటూ కూర్చుతారు. దీన్ని మేళం కట్టడం అంటారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా స్వరం పలకదు. మెట్లు ఇలా ఇరవై నాలుగుగా స్థిరపడింది పదిహేడో శతాబ్దంలో తంజావూరు ఏలిన రఘునాథ నాయకుని కాలంలో అని సంగీత చరిత్ర చెబుతుంది. ఆ రాజు తెలుగు కవి, స్వయంగా వీణ వాయించేవాడు. తంజావూరులో రూపుదిద్దుకున్న వీణలోనూ మన తెలుగువారి చెయ్యి ఉందన్నమాట.

మన మైదుకూరు పక్కనున్న లంకమల కొండల సంగతి ఇక్కడ చెప్పాలి. మన ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. ఇక్కడి తూర్పు కనుమల్లోనే పెరుగుతుంది. అలలు అలలుగా చారలున్న ఎర్రచందనమంటే జపానువారికి ప్రాణం. శామిసెన్ అనే వారి మూడు తంతుల వాద్యానికి ఆ కొయ్య వాడతారు. మనం పొయ్యి దగ్గరి మాటల్లో దొంగల పాలవుతున్న దుంగలుగానే చెప్పుకునే మాను, ఎక్కడో ఒక దేశంలో పాట పాడుతోంది. మంచి మాను ఎక్కడ పుట్టినా, దాని విలువ తెలిసిన చెయ్యి, విలువ తెలిసిన చెవి రెండూ కావాలి.

వీణకున్న కష్టం

ఇంత శ్రమపడి చేసిన వీణకు రెండు లోపాలు పుట్టుకతోనే ఉన్నాయి. దాని గొంతు చిన్నది. దాని నాదం ఎక్కువసేపు నిలవదు. వయొలిన్ మీద కమాను లాగినంతసేపు స్వరం సాగుతుంది. వీణ మీటిన క్షణం నుంచే స్వరం తగ్గడం మొదలవుతుంది. పది మంది కూర్చున్న గదిలో ఈ లోపం కనపడదు, అందమే కనపడుతుంది. వెయ్యి మంది కూర్చున్న సభలో వీణ వెనకబడిపోతుంది.

దీనికి విరుగుడు కూడా వీణలోనే ఉంది. మెట్లు మైనం మీద ఎత్తుగా ఉంటాయి గనుక తంత్రిని పక్కకు లాగితే ఒకే మెట్టు మీద పై స్వరాలు నాలుగైదు పలుకుతాయి. ఒక్కసారి మీటి, ఆ నాదం ఆరిపోయేలోపు ఎడమచేతి వేళ్ళతో లాగుతూ వదులుతూ గమకాలన్నీ పలికించవచ్చు. గాయకుడు ఒక్క ఊపిరిలో పాడినట్లే అవుతుంది. శంకరశాస్త్రి గారు సాధించింది ఇదే. మీటు తగ్గించి లాగుడు పెంచారు. మీటిన చప్పుడు వినపడకుండా పాట వినపడేలా చేశారు. అరుగు మీద కూర్చున్న మా జేజి మనిషి గొంతు అనుకున్నది ఈ విద్యనే. చదువులేని ఆమె చెవి పొరపాటు పడలేదు. శాస్త్రి గారు ఏం చేయదలచారో ఆమె దాన్నే విన్నది.

జెమినీ స్టూడియోలో నెలజీతం

1940లలో శాస్త్రి గారు మద్రాసు చేరి, ఎస్.ఎస్. వాసన్ గారి జెమినీ స్టూడియో సంగీత విభాగంలో పనిచేశారు. జెమినీలో కళాకారులకు కూడా నెలజీతాలే. మనలాగే వేళకు పోయి వేళకు వచ్చే కొలువు. సాలూరు రాజేశ్వరరావు గారు, ఎం.డి. పార్థసారథి గారు ఆ విభాగంలో ఉన్న కాలమది. 1948లో దేశమంతా ఆడిన చంద్రలేఖ తయారైన సంస్థ అది. తర్వాత జెమినీ వారి హిందీ చిత్రాలు సంసార్ (1951), మిస్టర్ సంపత్ (1952) చిత్రాలకు సంగీతం కూర్చినవారిలో శాస్త్రి గారూ ఒకరు. ద్రాక్షారామంలో తండ్రి దగ్గర వీణ పట్టిన మనిషి, ఇరవై తొమ్మిది, ముప్ఫై ఏళ్ళ వయసుకే బొంబాయి ప్రేక్షకులు వినే పాటలు కట్టారు.

సినిమా వాద్యబృందంలో వీణ పక్కన వయొలిన్లు, పియానో, గిటారు వంటివన్నీ కూర్చుంటాయి. గిటారు పేరు చెప్పగానే మా మనవడు గుర్తుకొస్తాడు. పోయిన ఏడాది వాడు గిటారు కొనిపెట్టమన్నాడు. వీణ ఉన్న ఇంట్లో గిటారు ఎందుకని మొదట నాకు మనసు చివుక్కుమన్నది. తర్వాత ఆ వాద్యం కథ తెలుసుకుని ఊరుకున్నాను. ఇప్పుడు మనం చూస్తున్న గిటారు ఆకారాన్ని స్థిరపరచింది స్పెయిన్ దేశపు అల్మేరియా ప్రాంతం వాడైన ఆంటోనియో దె టోరెస్ అనే వడ్రంగి. 1817లో పుట్టి 1892లో పోయాడు. గిటారు నాదమంతా పైపలకలోనే ఉందని ఆయన నమ్మకం. దాన్ని రుజువు చేయడానికి 1862లో పక్కలు, వీపు అట్టతో చేసి, పైపలక ఒక్కటే మంచి కొయ్యతో పెట్టి ఒక గిటారు చేశాడు. అది ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. ఆయన చేతి గిటార్లు కొన్నే మిగిలాయి. వాటిని చూడటానికి, ఒక్కసారి వేలితో మీటడానికి దూరదేశాల నుంచి విద్వాంసులు పోతారు. మెరుగులకు, నగిషీకి అంతదూరం ఎవరూ పోరు. తట్టి చూసి, విని, పలచగా చెక్కిన ఆ పలక నుంచి వచ్చే నాదం కోసం పోతారు. గొల్లపల్లి వడ్రంగి, స్పెయిన్ వడ్రంగి ఒకరినొకరు ఎరగరు. ఇద్దరూ చెవితోనే కొయ్య చెక్కారు.

గిటారు మెట్లు దండికి బిగించి ఉంటాయి. తంతులు వాటికి దగ్గరగా ఉంటాయి. ఒకేసారి నాలుగైదు స్వరాలు కలిపి మోగించడానికి అది అనువు. ఒక స్వరాన్ని పట్టుకుని దాని నడకంతా చూపడానికి వీణ అనువు. ఇలాంటి వాద్యాల మధ్య సంవత్సరాల తరబడి పనిచేసిన శాస్త్రి గారు వాటిని చూసి జంకలేదు. వాటిని అనుకరించి వీణను మరొకటిగా మార్చనూ లేదు. వాద్యబృందాన్ని నడిపే విద్య మాత్రం అక్కడ బాగా వంటబట్టింది. తర్వాతి జీవితమంతా అది అక్కరకొచ్చింది.

ఆకాశవాణి కొలువు

1959లో శాస్త్రి గారు మద్రాసు ఆకాశవాణి కేంద్రంలో సంగీత ప్రయోక్తగా చేరారు. ఆ దశాబ్దంలో కేంద్ర సమాచార శాఖ చూసిన బి.వి. కేస్కర్ గారు సినిమా పాటలను రేడియోకు దూరం పెట్టి, వాటి స్థానంలో శాస్త్రీయ, లలిత సంగీతాలను పెంచాలని పట్టుబట్టిన సంగతి మనలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఆ విధానం మంచిదా కాదా అన్న వాదన అలా ఉంచితే, దానివల్ల గొప్ప విద్వాంసులు కొందరు రేడియో ఉద్యోగులయ్యారు. సంస్థానాలు పోయిన తర్వాత విద్యకు ఆ నీడ దొరికింది.

తర్వాత శాస్త్రి గారు ఢిల్లీ వెళ్ళి ఆకాశవాణి జాతీయ వాద్యబృందానికి సంగీత నిర్దేశకులయ్యారు. వాద్యవృంద అనే పేరుతో 1952లో ఏర్పడిన ఆ బృందానికి మొదట్లో పండిట్ రవిశంకర్, టి.కె. జయరామయ్యర్ గార్లు నాయకత్వం వహించారు. ఆ పని పైకి కనపడినంత సులువు కాదు. మన సంగీతం ఒక్క గొంతు సంగీతం. ఒకడు పాడితే మరొకడు వెంట నడుస్తాడు. సితారు, సరోద్, వేణువు, వయొలిన్, వీణ, తబలా, మృదంగం అన్నీ ఒకచోట కూర్చోబెట్టి ఎవరి గొంతు వారికి ఉంచుతూ ఒక్క మాటగా పలికించాలి. ఉత్తరాది వారికి తెలిసిన రాగం పేరు దక్షిణాది వారికి వేరు. ఒకే స్వరం పలికే తీరూ వేరు. ఈ రెండు భాషలూ తెలిసినవారు కావాలి. శాస్త్రి గారు హిందుస్తానీ విద్వాంసులతో జుగల్‌బందీలు వాయించి ఆ రెండో భాషలోనూ మాట్లాడగలనని చూపించారు. ఆ బృందానికి ఎన్నో రచనలు చేశారు.

సర్వీసులో ఉన్న మనిషికి సాధన సాగడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఫైళ్ళు చూసి ఇంటికి వచ్చాక ఇష్టమైన పుస్తకం తెరవడానికే ఓపిక ఉండదు. శాస్త్రి గారు స్టూడియోలోనూ, రేడియోలోనూ ఉద్యోగం చేస్తూనే కచేరీ వైణికులుగా మొదటి వరుసలో నిలిచారు. కేంద్ర సంగీత నాటక అకాడమీ 1973లో వారికి అవార్డు ఇచ్చింది. 1974లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసులుగా కూడా వారిని గౌరవించింది.

శిష్యుని రూపంలో

గురువు గొప్ప శిష్యుని దగ్గర తెలుస్తుందంటారు. కాకినాడలో 1936లో పుట్టిన చిట్టిబాబు గారు శంకరశాస్త్రి గారి శిష్యులు. ఐదేళ్ళ వయసులో తండ్రి వీణ మీద వాయిస్తుంటే తప్పు స్వరం పట్టుకుని సరిదిద్దాడని ఆయన గురించి చెబుతారు. 1949లో వచ్చిన లైలా మజ్ను చిత్రంలో బాలనటుడిగా కూడా కనిపించారు. కొంతకాలం సినిమా వాద్యబృందాల్లో వాయించి, తర్వాత ఆ పని వదిలి కచేరీకే అంకితమయ్యారు. 1964లో ఒక వైణికుని కథతో వచ్చిన కలైకోయిల్ అనే తమిళ చిత్రంలో వినపడే వీణ ఆయనదే. కోకిల కూతను, చర్చి గంటలను వీణ మీద పలికించి సంగీతం తెలియనివారిని కూడా సభకు రప్పించారు. అది విద్వత్తు కాదని ముక్కు విరిచినవారూ ఉన్నారు. అయితే మీటిన చప్పుడు మరిచిపోయేలా వాయించడం గురువు దగ్గర నేర్చుకున్నదే. ఆ విద్య లేనిదే వీణ మీద కోకిల కూయదు.

ఆ తరం వైణికులు వీణకు చిన్న మైకు తగిలించి వాయించడం మొదలుపెట్టారు. దాని మీద నేటికీ రెండు అభిప్రాయాలున్నాయి. మైకు వల్ల చివరి వరుస వారికి కూడా గమకం వినపడుతుంది. అయితే ఆ గొంతు మానుది కాక తీగది అవుతుందని కొందరి బాధ. నా మట్టుకు నాకు తోచేది ఒకటే. మైకు పెద్దది చేయగలదు, లేనిదాన్ని పుట్టించలేదు. పనస కుండలో నాదం, వేలిలో పాట ఉంటేనే పెద్దది చేయడానికి ఏదైనా ఉంటుంది.

శంకరశాస్త్రి గారు 1987 డిసెంబరు 23న పరమపదించారు. వారికప్పుడు అరవై ఐదేళ్ళు. చిట్టిబాబు గారు 1996 ఫిబ్రవరి 9న, అరవై నిండకుండానే వెళ్ళిపోయారు.

మన ఇళ్ళలోని వీణలు

చివరిగా ఒక సొంత సంగతి చెప్పి ముగిస్తాను. మా పెళ్ళికి మా ఆవిడ పుట్టింటి నుంచి ఒక వీణ తెచ్చుకుంది. మూడు నాలుగేళ్ళు వాయించింది. తర్వాత నా బదిలీలు, పిల్లల చదువులు, అత్తమామల జబ్బులు వరుసగా వచ్చాయి. వీణ పాత చీరలో చుట్టి బీరువా పైకెక్కింది. మన కడప ఎండలు మీకు తెలుసు. రిటైరయ్యాక ఒకనాడు దించి చూస్తే, మైనం మెత్తబడి మెట్లు పక్కకు ఒరిగి ఉన్నాయి, తంత్రులు తుప్పు పట్టాయి. మానుకు మాత్రం ఏమీ కాలేదు. దాని మీద చెయ్యి పెట్టి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్ళు ఆమె అడగలేదు, నేను కనుక్కోలేదు. సర్వీసులో నా మీద రిమార్కు ఒక్కటీ లేదని చెప్పుకుంటూ ఉండేవాణ్ణి. ఆ రోజు ఇంట్లో ఉన్న రిమార్కు కనపడింది.

పనివాణ్ణి పిలిపించి మళ్ళీ మేళం కట్టించాము. కొత్త తంత్రులు వేయించాము. ఆమె వేళ్ళు ఇప్పుడు కీళ్ళ నొప్పులతో ముందులాగా వంగవు. అయినా సాయంత్రం కాసేపు కూర్చుంటుంది. గిటారు కొనిపించుకున్న మనవడు సెలవులకు వచ్చినప్పుడు పక్కన చేరి, నానమ్మ ఒకే మెట్టు మీద నాలుగు స్వరాలు ఎలా లాగుతుందో చూస్తాడు. వాడి గిటారు మీద అలా లాగడానికి ప్రయత్నిస్తాడు. పూర్తిగా రాదు. మళ్ళీ వీణ వైపు చూస్తాడు. ఆ చూపు చాలు నాకు.

గొల్లపల్లిలో ఉలి ఇంకా ఆడుతూనే ఉంది. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ వీణ బహుమతిగా షోకేసులో పెట్టుకునే వస్తువు అయిపోతే ఆ చెవి, ఆ చెయ్యి ఎంతకాలం నిలుస్తాయి? మన సంఘ సభ్యుల ఇళ్ళలో అటకల మీద, బీరువాల మీద ఇలాంటి వీణలు ఇంకా కొన్ని ఉంటాయని నా నమ్మకం. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఏటా తప్పక వెళతాం కదా. ఆ నెలలోనే ఒకసారి అటక మీది వీణను కూడా దించి చూడండి. అది కూడా బతికే ఉందని తెలుస్తుంది. దాన్ని వాయించి, తర్వాత పక్కన పెట్టవలసివచ్చిన మనిషి ఇంట్లో ఉంటే ముందు ఆమెను పిలవండి.

కొయ్యకు గొంతు ఎక్కడిదన్న మా జేజి ప్రశ్నకు ఇన్నాళ్ళకు నాకు తోచిన జవాబు ఇది. కొంత మానుది, కొంత దాన్ని తొలిచినవాడిది, కొంత మీటిన వేలిది. నాలుగో పాలు అరుగు మీద నుంచి లేచిపోకుండా కూర్చుని విన్నవారిది. మొదటి మూడింటినీ శంకరశాస్త్రి గారు జీవితాంతం కాపాడారు. నాలుగోది మన చేతిలో ఉంది.